నా వీసా మీద ఆయన పేరు

మా పెళ్లికి పంతులుగారు మూడు ముహూర్తాలు రాసిచ్చారు. 2017 మాఘమాసంలో రెండు, వైశాఖంలో ఒకటి. నాన్నకి వైశాఖంలోదే నచ్చింది. అప్పటికి గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన డబ్బు చేతికొస్తుంది, పిల్లలకి సెలవులు కాబట్టి చుట్టాలందరూ రాగలుగుతారు. అయినా మాఘమాసంలో మొదటిదే ఖాయమైంది. డాలస్‌లో మా ఆయనకి దొరికిన సెలవు మూడు వారాలు, అదీ ఫిబ్రవరిలోనే.

ఆ మూడు వారాల్లో పెళ్లి ఒక్కటే అయితే సరిపోయేది. ఆయన 2012లో ఎంఎస్ చదవడానికి వెళ్లారు, 2015 అక్టోబర్ నుంచి ఉద్యోగ వీసా, అంటే హెచ్‌1బి. స్టూడెంట్ వీసా నుంచి అక్కడుండగానే మారారు కాబట్టి పాస్‌పోర్టులో హెచ్‌1 స్టాంపు లేదు. ఇండియాకి వచ్చాక ఆ స్టాంపు వేయించుకుంటేనే తిరిగి విమానం ఎక్కగలరు. ఏ కాగితం దగ్గరైనా ఆగిపోతే ఉద్యోగం కూడా ఆగిపోతుంది. ఆయనతో పాటే నాకు హెచ్‌4, అంటే డిపెండెంట్ వీసా. దానికి పెళ్లి సర్టిఫికెట్ కావాలి. పెళ్లి జరిగితేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే ఇంటర్వ్యూ, ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు చేతికి రావడానికి ఇంకొన్ని రోజులు. వెనక నుంచి లెక్కేసుకుంటూ వస్తే ముహూర్తం ఏ రోజుండాలో దానంతటదే తేలింది.

మా సంబంధం తెచ్చిన మధ్యవర్తి ఇచ్చిన బయోడేటాలో గోత్రం, నక్షత్రం, ఎత్తు, వాటి కింద 'హెచ్‌1బి' అని ఉంది. అదే వారం ఇంకో అబ్బాయి బయోడేటా కూడా వచ్చింది. అందులో 'హెచ్‌1బి, ఐ-140 అయింది' అని రాశారు. మధ్యవర్తి ఆ మాటని రెండుసార్లు ఒత్తి చెప్పారు. అప్పుడు నాకు దాని విలువ తెలీదు. తర్వాత తెలుసుకున్నాను. హెచ్‌4 మీద వెళ్లినవాళ్లు అమెరికాలో ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం, భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఐ-140 అనే దశ అప్రూవ్ అయితే, లేదా ఆ ప్రాసెస్ వల్ల ఆరేళ్లు దాటి హెచ్‌1 పొడిగింపు వస్తే, హెచ్‌4 వాళ్లు ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్, అడగొచ్చు. వాషింగ్టన్‌లో రాసిన ఒక రూల్ రెండేళ్లు తిరిగేసరికి మా జిల్లాలో పెళ్లి బయోడేటాల్లోకి వచ్చి కూర్చుంది.

నేను హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ డిజైన్ ఇంజనీర్‌ని. నాలుగేళ్ల అనుభవం, రోజంతా డిజైన్ సాఫ్ట్‌వేర్ స్టాడ్‌లో పని, సొంత జీతం. పెళ్లిచూపుల్లో నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "అక్కడ నేను ఉద్యోగం చేయొచ్చా?" ఆయన తప్పించుకోలేదు. "ఇప్పుడప్పుడే కుదరదండీ. మా కంపెనీ ఇంకా పెర్మ్, అంటే గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టు, మొదలుపెట్టలేదు. రెండేళ్లు పట్టొచ్చు, ఎక్కువైనా పట్టొచ్చు" అన్నారు. ఆ నిజాయితీకే నేను ఒప్పుకున్నాను. రెండేళ్లే కదా అనుకున్నాను.

పెళ్లికి రెండు రోజుల ముందు గోరింటాకు పెట్టుకునేటప్పుడు ఆయన స్నేహితుడి భార్య ఫోన్ చేసింది. "వేళ్ల చివర్లకి పెట్టించుకోకు. బయోమెట్రిక్స్‌లో వేలిముద్రలు సరిగ్గా పడకపోతే మళ్లీ రమ్మంటారట" అని. అది ఎంతవరకు నిజమో ఆరా తీసే తీరిక మాకెవరికీ లేదు. మా అమ్మమ్మ రుబ్బిన ముద్ద చేతిలో పట్టుకుని నా వేళ్లకి టోపీల్లా పెట్టబోతుంటే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, అంతే. "ఇదేం గోరింటాకే, వేళ్లు బోసిగా" అంది అమ్మమ్మ. పెళ్లి ఆల్బమ్‌లో తలంబ్రాలు పోసే ఫొటో ఉంది. చేతులు దగ్గరగా పడ్డాయి. పది వేళ్ల కొనలూ తెల్లగా కనిపిస్తాయి. ఆ ఫొటో తిప్పినప్పుడల్లా నాకు ఆ ఫోన్ కాలే గుర్తొస్తుంది.

ఫొటోగ్రాఫర్‌కి కూడా పనులు చెప్పాం. తాళి కట్టేది, తలంబ్రాలు, రెండు కుటుంబాలూ ఒకే ఫ్రేమ్‌లో కనిపించేది, ఇవి మూడో రోజుకల్లా ప్రింట్ వేసి ఇవ్వాలని. శుభలేఖలో పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయించాం, ఇంటిపేరు పొడి అక్షరంతో కాకుండా పూర్తిగా. పెళ్లయిన మర్నాడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు చేశాం. నా ఇంటిపేరు మార్చుకోలేదు. వీసాకి మార్చుకోవాల్సిందే అని చాలామంది భయపెట్టారు గానీ, ఆ అవసరం లేదు. అన్ని కాగితాల్లో ఒకేలా ఉంటే చాలు. ఇంటర్వ్యూ స్లాట్ ముందే పట్టుకున్నాం కాబట్టి, పెళ్లయ్యాక ఆ రాత్రే కొత్త డీఎస్-160 వీసా ఫారం నింపి నంబరు మార్చాను. మ్యారిటల్ స్టేటస్ దగ్గర 'మ్యారీడ్' ఎంచుకునేటప్పుడు కాళ్లకి పారాణి కూడా ఆరలేదు.

అప్పట్లో కాన్సులేట్ బేగంపేటలో, పైగా ప్యాలెస్‌లో ఉండేది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారింది. మా ఇంటర్వ్యూ మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పెళ్లి ఎప్పుడైంది, భర్త ఎక్కడ పని చేస్తారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు. ఫొటోలు ఒకసారి చూసి తిరిగి ఇచ్చేశారు. నాలుగు రోజులకి పాస్‌పోర్టులు వచ్చాయి. నా వీసాలో నా ఫొటో, నా పేరు, కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు, ఆయన కంపెనీ పేరు. నేను ఎవరి తాలూకో తెలిపే వరస అది. అమ్మ ఆ స్టాంపుకి పసుపు కుంకుమ పెట్టబోతే ఆపాల్సి వచ్చింది.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మొదటి రెండేళ్ల గురించి మామూలుగా అందరూ చెప్పేవే నేనూ చెప్పగలను, కాబట్టి వదిలేస్తాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. జాయింట్ అకౌంట్ ఆయన ఫోన్ నంబరుతో ఉండేది. నేను కార్డు గీకిన ప్రతిసారీ మెసేజ్ ఆయనకి వెళ్లేది. ఆయన ఒక్కసారి కూడా "ఏం కొన్నావు" అని అడగలేదు. అయినా సాయంత్రం ఆయన తలుపు తీసుకుని రాగానే, ఇవాళ ఎనభై డాలర్లు ఎందుకయ్యాయో నేనే చెప్పడం మొదలుపెట్టేదాన్ని. నాలుగేళ్లు సొంత జీతంతో బతికినదాన్ని. ఆ మాటలు నా నోట్లోంచి ఎలా వస్తున్నాయో నాకే అర్థమయ్యేది కాదు. నా పేరు మీద ఉన్న నంబరల్లా ఐటిన్. తొమ్మిదితో మొదలయ్యే తొమ్మిది అంకెలు. ఆయనతో కలిపి పన్ను రిటర్ను వేయడానికి పనికొస్తుంది, ఉద్యోగానికి పనికిరాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలంటే పని చేసే అనుమతి ఉండాలి.

ఒక చిన్న డిజైన్ సంస్థలో సీనియర్ ఇంజనీర్ ఒకాయన పరిచయమయ్యారు. "జీతం లేకుండా వచ్చి పని నేర్చుకోమ్మా" అన్నారు. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు లాయర్‌ని అడిగితే వద్దన్నారు. మామూలుగా జీతం ఇచ్చి చేయించుకునే పనిని కంపెనీలో ఊరికే చేసినా అది ఉద్యోగం కిందికే రావచ్చు. చదువుకి మాత్రం హెచ్‌4లో అడ్డు లేదు. కమ్యూనిటీ కాలేజీలో రెవిట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను, ఇంజనీర్లు మొదట రాసే ఎఫ్‌ఈ పరీక్ష రాసి పాసయ్యాను. ఇప్పుడు హెచ్‌4 మీద కొత్తగా వచ్చిన ఆడపిల్లలు అడిగితే మొదట చెప్పేది ఇదే: రేపు కార్డు వచ్చినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. రెజ్యూమెలో ఖాళీ ఎందుకొచ్చిందో ఇంటర్వ్యూ చేసేవాళ్లకి తెలీదు, వీసా రూల్స్ వాళ్లు చదవరు.

నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆయన కూడా ఒకచోట ఇరుక్కుపోయారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన టీమ్‌లో పరిస్థితులు బాగాలేవు. వేరే కంపెనీ పిలిచింది, జీతం కూడా ఎక్కువే. కానీ కంపెనీ మారితే పెర్మ్ మళ్లీ మొదటి నుంచి, అంటే నా ఈఏడీ ఇంకా వెనక్కి. ఆ ఆఫర్ సంగతి నాకు చెప్పకుండానే వద్దన్నారు. ఏడాది తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాల దగ్గర ఆ మాట బయటపడింది. ఇంటికొచ్చాక పెద్ద గొడవైంది. "నాకోసం అని మీరొక్కరే ఎలా నిర్ణయిస్తారు?" అన్నాను. "నువ్వు రోజులు లెక్కపెట్టుకోవడం చూస్తూ ఎలా చెప్పను?" అన్నారు. ఆయన వీసాకి నేను కట్టుబడ్డానని అనుకుంటూ వచ్చాను. నా కార్డు కోసం ఆయన కూడా కట్టుబడే ఉన్నారు.

2018లో పెర్మ్ వేశారు. 2019 జనవరిలో ఐ-140 అప్రూవ్ అయింది. ఫిబ్రవరిలో ఈఏడీకి వేసే ఐ-765 ఫారం, 410 డాలర్ల చెక్కు, రెండు ఫొటోలు, పెళ్లి సర్టిఫికెట్ కాపీ పోస్టులో పంపాను. సరిగ్గా ఆ నెలలోనే హెచ్‌4 ఈఏడీ రూల్‌ని రద్దు చేసే ప్రతిపాదన ఒక అడుగు ముందుకు కదిలిందని వార్త వచ్చింది. రెండేళ్ల నుంచి ఆ మాట వింటూనే ఉన్నాం. చివరికి ఆ ప్రతిపాదనని 2021 జనవరిలో వెనక్కి తీసుకున్నారు గానీ, మధ్యలో ఎన్ని రాత్రుల టెన్షన్ పడ్డామో.

జూన్‌లో కార్డు వచ్చింది. మెయిల్‌బాక్స్ దగ్గరే కవరు చించాను. కేటగిరీ దగ్గర సి26 అని ఉంది. దేశంలోకి తిరిగి రావడానికి ఈ కార్డు చెల్లదని ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా. గడువు 2021 సెప్టెంబర్ 30, అంటే ఆయన హెచ్‌1 గడువు ఎప్పుడో అప్పుడే. "ఏమండీ, వచ్చింది" అని ఫోన్ చేశాను. ఆయన మీటింగ్‌లో ఉన్నారు, అవతల మాట లేదు. కాసేపటికి "ఫొటో బాగా వచ్చిందా?" అన్నారు. ఆ గొంతు విని ఇద్దరం ఏడ్చేశాం.

ఆగస్టులో ఉద్యోగంలో చేరాను. ఆయన కూడా ఐ-140 వచ్చి 180 రోజులు దాటేవరకు ఆగి అప్పుడు కంపెనీ మారారు. అన్ని రోజులు నిలిస్తే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ ఐ-140 రద్దు కాదు, ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మన చోటు చెప్పే తేదీ, మనకే ఉంటుంది. పిల్లల గురించి కూడా అప్పుడే ఆలోచించాం. పెళ్లయిన మూడో ఏడు. ఇంటి నుంచి అత్తయ్య, అమ్మ ఇద్దరూ అడుగుతూనే ఉన్నారు. నాకు ముందు ఉద్యోగం కావాలి అని గట్టిగా చెప్పలేక, వాళ్లకి ఏవేవో కారణాలు చెప్పాను.

2020 ఆగస్టులో పాప పుట్టింది. మా వైపు తొలిచూలు పురుడు పుట్టింట్లోనే. నేను వెళ్లలేకపోయినా అమ్మే వచ్చి మూడు నెలలు ఉండాలని ముందే అనుకున్నాం. కానీ కోవిడ్ వల్ల మార్చి నుంచి ఇండియాలో మామూలు వీసా ఇంటర్వ్యూలు ఆపేశారు. నేను వెళ్దామంటే నా పాస్‌పోర్టులో స్టాంపు 2018లోనే అయిపోయింది. పైగా ఆ జూన్‌లో వచ్చిన ప్రకటన ప్రకారం, చెల్లే వీసా లేకుండా బయట ఉన్న హెచ్‌1, హెచ్‌4 వాళ్లని లోపలికి రానివ్వరు. అది 2021 మార్చి చివరిదాకా నడిచింది. వెళ్తే ఆయన ఒక దేశంలో, నేనూ పాపా ఒక దేశంలో. అమ్మ ఫోన్‌లో వీడియో పెట్టి, పాపకి స్నానం ఎలా పోయాలో తన ఒళ్లో దిండు పెట్టుకుని చూపించింది. కాళ్లు చాపి, దిండుని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చేత్తో అలా అలా రాసింది. మా ఆయన బాత్‌టబ్ పక్కన కింద కూర్చుని, కాళ్లు చాపి, ఆ స్క్రీన్ చూస్తూ అచ్చం అలాగే చేశారు. ఆయన్ని నేను అంత దగ్గరగా ఎరిగింది ఆ రోజుల్లోనే.

2021 నా జీవితంలో చెడ్డ ఏడాది. గడువు సెప్టెంబర్ 30 కాబట్టి ఏప్రిల్‌లోనే పొడిగింపుకి వేశాం. ఆయన హెచ్‌1 ప్రీమియంలో, అంటే ఎక్కువ ఫీజు కడితే త్వరగా చూసే పద్ధతిలో, 15 రోజుల్లో వచ్చేసింది. నా హెచ్‌4కి, ఈఏడీకి ప్రీమియం లేదు. అంతకుముందు భార్య కాగితాలు కూడా భర్తవాటితో కలిపే చూసేసేవాళ్లు. 2018లో మాకు అలాగే ఒకేసారి వచ్చాయి. 2019 మార్చి నుంచి హెచ్‌4 పొడిగింపుకీ వేలిముద్రలు కావాలన్న నియమం పెట్టారు, దాంతో రెండూ విడిపోయాయి. 2021 మే 17న ఆ నియమాన్ని పక్కన పెట్టారు గానీ, అప్పటికే పేరుకుపోయిన ఫైళ్లలో నాది ఒకటి.

సెప్టెంబర్ 30 సాయంత్రం ఐదింటికి లాప్‌టాప్ మూసి, బ్యాడ్జ్ డెస్క్ మీద పెట్టి వచ్చాను. మా మేనేజర్ మంచివాడు, జీతం లేని సెలవు కింద చూపిస్తామన్నాడు. అప్పుడు నా చేతిలో ఒక బ్రిడ్జి పని సగంలో ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ గడువు కూడా ఆ రోజుతోనే సరి. దేశంలో ఉండటం తప్పు కాదు, ఎందుకంటే దరఖాస్తు నడుస్తోంది. ఉద్యోగం చేస్తే తప్పు.

నవంబర్‌లో, మాలాంటి వాళ్లు ప్రభుత్వం మీద వేసిన షెర్గిల్ కేసు రాజీ కుదిరి, హెచ్‌4 ఈఏడీ రెన్యువల్ వేసినవాళ్లకి 180 రోజులు దానంతటదే పొడిగింపు ఇస్తామన్నారు. గ్రూపుల్లో అందరూ స్వీట్ల బొమ్మలు పెట్టుకున్నారు. నేను రెండు పేజీలు చదివి ఫోన్ పక్కన పెట్టాను. ఐ-94, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, దాని గడువు ఉంటేనే ఆ పొడిగింపు. నా ఐ-94 కూడా సెప్టెంబర్ 30నే అయిపోయింది. నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు, రెండు తేదీలూ ఒకటే కావడం మా దురదృష్టం. 2022 ఫిబ్రవరి చివర్లో అప్రూవల్ వచ్చింది. అయిదు నెలలు. బ్రిడ్జి డ్రాయింగ్‌లు వేరేవాళ్లు పూర్తి చేశారు.

ఆ అయిదు నెలల్లోనే మా అపార్ట్‌మెంట్స్‌లో ఒకమ్మాయి పరిచయమైంది. పాస్‌పోర్టు, ఐ-797 అనే అప్రూవల్ కాగితాలు అన్నీ భర్త లాకర్‌లో. కొడతాడు. "విడాకులు తీసుకుంటే మర్నాడే పంపించేస్తారట కదక్కా, పిల్లవాడు ఇక్కడే ఉండిపోతాడట" అని అడిగింది. అలా ఆమెకి చెప్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. విడాకులతో హెచ్‌4 హోదా పోతుందన్నది నిజమే. కానీ హింస పడుతున్న హెచ్‌1 భార్యలు విడిగా వర్క్ పర్మిట్ అడగడానికి ఐ-765వి అని ఒక ఫారం ఉంది, 2017 నుంచి. విడాకులయ్యాక కూడా, కారణం ఆ హింసే అయితే, కొంతకాలం వరకు అడగొచ్చు. ఆ మాట ఆమెకి నేను లాయర్ దగ్గరికి తీసుకెళ్లేదాకా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ ఆ ఫారం పేరు రాస్తున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి, మా బీరువాలో ఉన్న ఫైలు తీసి, నా కాగితాలన్నీ స్కాన్ చేసి నా సొంత మెయిల్‌కి పంపుకున్నాను. మా ఆయన చూసి ఏమీ అనలేదు. పక్కన కూర్చుని పేజీలు అందించారు.

2023 జనవరిలో ఇంకో కేసు రాజీ వల్ల హెచ్‌1, హెచ్‌4, ఈఏడీ మళ్లీ కలిపి చూసే ఏర్పాటు రెండేళ్ల పాటు నడిచింది. 2024లో మా పొడిగింపులు మూడూ వారం తేడాతో వచ్చాయి. ఇప్పుడు నా కార్డు 2027 సెప్టెంబర్ దాకా. 2015 నుంచి హెచ్‌4 ఈఏడీ రూల్ మీద నడుస్తున్న దావాని 2025 అక్టోబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు విచారణకి తీసుకోలేదు, అంటే రూల్ నిలిచింది. అదే నెల 30 నుంచి దానంతటదే వచ్చే ఆ పొడిగింపుని మాత్రం తీసేశారు. మా ప్రయారిటీ డేట్ 2018. 2025 చివర్లో కూడా ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు కేటగిరీలో ఇండియా వాళ్లకి నడుస్తున్నది 2013.

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. సంబంధం కుదిరేలా ఉందట, అబ్బాయి ఆస్టిన్‌లో. "అక్కా, ఐ-140 ఉందట. ఒప్పుకోవచ్చా?" అంది. అది ఏ కంపెనీ మీద ఉంది, వచ్చి ఎన్నాళ్లయింది, హెచ్‌1 గడువు ఎప్పటిదాకా, ఇవన్నీ అబ్బాయినే నేరుగా అడగమన్నాను. అతను ఎలా జవాబిస్తాడో కూడా చూడమన్నాను. రాసుకుంది. కాసేపు ఆగి, "ముహూర్తం అయిన వారానికే స్లాట్ దొరికిందట. గోరింటాకు వేళ్లకి పెట్టుకోకూడదంటున్నారు, నిజమేనా?" అని అడిగింది.

"నిండుగా పెట్టుకో" అన్నాను. "స్లాట్ ఒక నెల వెనక్కి జరుపుకోమని చెప్పు. అతను ముందు వెళ్తాడు, నువ్వు తర్వాత వెళ్తావు."